ఫిర్యాదు ఎవరి పేరున?

"ఈ కోటు బొత్తాం ఎన్నిసార్లు ఊడింది?"

కుట్టుమిషను వెనక కూర్చున్న టైలరమ్మ తెల్లబోయింది. ఆమె పిలిపించింది కిటికీ అవతల డొక్కలెండిపోతున్న పొట్టి గుర్రాల గురించి మాట్లాడటానికి. వచ్చినావిడేమో గోడకి వేలాడుతున్న ఎవరిదో కోటు పట్టుకుని వదలడం లేదు.

వచ్చినావిడ ప్రైవేట్ డిటెక్టివ్. పోలీసు శాఖలో సగం జీవితం గడిపి, పైవాళ్ళతో పొసగక బయటికొచ్చి సొంత ఏజెన్సీ పెట్టుకుంది. ఎవరింట్లో ఏం పోయినా ఆరా తీయమని ఆమె గుమ్మమే ఎక్కుతారు గనక అసలు పేరు మరుగునపడి, ఆరాలమ్మ అన్నదే స్థిరపడిపోయింది.

"మూడుసార్లు తెచ్చాడమ్మా ఆ సూటాయన. ప్రతిసారీ అదే బొత్తాం. నేను కుట్టేలోగా కిటికీలోంచి చూసి, 'పాపం మూగజీవాలు, చూస్తూ ఎలా ఊరుకుంటున్నారమ్మా' అనేవాడు. నిన్నయితే జంతు సంక్షేమ శాఖవాళ్ళ నంబరు కూడా చెప్పి వెళ్ళాడు. మీరు ఫోన్ చేస్తే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారన్నాడు."

"ఇదిగో చూడు. లాగితే తెగిన దారానికి చివర పీచు లేస్తుంది. ఇది నున్నగా ఉంది. బ్లేడు పెట్టి కోశాడు." ఆరాలమ్మ కోటు మళ్ళీ కొక్కేనికి తగిలించింది. "ఈ నేరేడుపండు రంగు కోటు తొడుక్కునే ధైర్యం ఒక్కడికే ఉంది. నా పాత సహోద్యోగి. ఇప్పుడు నా ఆఫీసుకి ఎదురుగానే బోర్డు పెట్టాడు. ఎవరో పనిలో పెట్టుకోకుండా ఆయన మూగజీవాల మీద కన్నీళ్ళు కార్చడు."

టైలరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పెరటి కంచె అవతల బోడి నేల మీద మూడు పొట్టి గుర్రాలు తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి.

"గుర్రాలక్కా నేనూ ఒకే గోడ పంచుకుని ఇన్నేళ్ళు బతికాం. పిల్లల్ని వీటి మీద తిప్పే బతుకు ఆవిడది. తనకి జ్వరమొచ్చినా ముందు వీటికి గడ్డి పడాల్సిందే. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోయింది. నేను చెల్లెలింటి నుంచి తిరిగొచ్చేసరికి ఇల్లు తాళం. మేనల్లుణ్ణి అడిగితే విశ్రాంతికెళ్ళిందంటాడు. అక్క మీద కంప్లైంట్ ఇద్దామంటే చెయ్యి రావట్లేదు. ఇవ్వకుండా ఉందామంటే నిద్ర రావట్లేదు. నువ్వే ఏదో ఒకటి తేల్చమ్మా."

"తేల్చేది నేను కాదు. వదిన."

వదిన అంటే ఆరాలమ్మ అన్నగారి భార్య. పశువుల డాక్టరు. అప్పటికే బయట స్కూటరు ఆపి, రబ్బరు బూట్లు తొడుక్కుంటూ లోపలున్న ఆడపడుచుని కేకలేస్తోంది.

"అమ్మడూ, ఇంకెంతసేపు? ఆదివారం పూట మీ అన్నయ్యకి వంటిల్లు అప్పజెప్పి వచ్చాను. నే వెళ్ళేసరికి ఇల్లుండాలి."

* * *

గుర్రాల స్థలానికి రోడ్డు వైపు గేటుంది. దానికి తాళం లేదు. చేత్తో తోస్తే తెరుచుకుంది. ఆరాలమ్మ లోపలికి అడుగుపెట్టకుండా గేటుకి అటూ ఇటూ ఉన్న మొక్కల కంచెని చూస్తూ నిలబడింది. మిగతా మూడు వైపులా కంచె మనిషెత్తు పెరిగి చిక్కుపడి ఉంది. రోడ్డు వైపు మాత్రం నడుమెత్తున కత్తిరించి ఉంది. కోసిన కొమ్మల చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"నీళ్ళు పెట్టడానికి తీరిక లేనివాడికి కంచె కత్తిరించే తీరిక ఎక్కడిది వదినా?"

"నాకు పొడుపుకథలు వెయ్యకు. ముందు జీవాల్ని చూడనీ."

మూడిట్లో నల్లదాన్ని మసి అంటారు, చిన్నదాన్ని పిడుగు అంటారు, తెల్లదాన్ని దూది అంటారు. కొత్తవాళ్ళని చూసి మసీ పిడుగూ వాటంతటవే దగ్గరికొచ్చి అరచేతులు వాసన చూశాయి. దెబ్బలు తిన్న జంతువు అలా రాదు. దూది మాత్రం కదల్లేదు. మూడిట్లోకీ అదే బాగా చిక్కిపోయింది. గేటు వైపే మొహం పెట్టి నిలబడింది.

వదిన పిడుగు కాలు ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుంది. "ఇటు చూడు. డెక్క ముందుకి పెరిగి చెప్పులా వంగింది. కత్తిరించి రెండు నెలల పైమాటే. ఇదిగో, పైన ఈ గీత వేలికి తగులుతోందా? తిండి దెబ్బతిన్నప్పుడు డెక్క మీద ఇలా కట్టు పడుతుంది. గోరు పెరిగినట్టే అదీ మెల్లగా కిందికి జరుగుతుంది. గీత కింద భాగం చూడు, అద్దంలా ఉంది. అంటే అంతవరకూ వీటిని పువ్వుల్లో పెట్టి చూశారు."

"ఆ గీత ఎప్పటిది?"

"అదే రెండు నెలలు. కాస్త అటూ ఇటూ."

కంచె అవతల నుంచి టైలరమ్మ అందుకుంది. "అక్క కనిపించకుండా పోయిందీ అప్పుడేనమ్మా!"

ఆరాలమ్మ తలూపి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళింది. తొట్టిలో అడుగున తడి ఉంది, అది టైలరమ్మ తన పెరటి గొట్టం చాపి కంచె మీదుగా పోసిన నీళ్ళు. తొట్టి కుళాయికి తిప్పే పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట ఇనుము మీద స్పానరు గీతలు మెరుస్తున్నాయి. అక్కణ్ణించి షెడ్డు. షెడ్డు తలుపుకి పెద్ద తాళం. తాళం మీద కంపెనీ కాగితం ముక్క అంటించింది అంటించినట్టే ఉంది. ఆరాలమ్మ తలుపు చెక్కల సందులో కన్ను పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"వదినా, నువ్వూ చూడు."

వదిన చూసి, వెనక్కి తిరిగి, చేతి తొడుగులు విప్పేసింది. షెడ్డు నిండా ఎండుగడ్డి మోపులున్నాయి. పైకప్పు దాకా.

"గేటు వదిలేసి గడ్డికి తాళం వేశాడు," అంది ఆరాలమ్మ. "దారినపోయే ప్రతివాడూ వీటిని చూడాలి, ఎవరూ మేపకూడదు. దొంగతనానికి భయపడేవాడు చేసే పని కాదిది."

"అదంతా నీ పని. నా పని నేను చెప్తాను విను." వదిన గొంతులో వేళాకోళం పోయింది. "నేను ప్రభుత్వ డాక్టర్ని. ఇది కళ్ళారా చూశాక రిపోర్టు చెయ్యకుండా ఇంటికెళ్ళలేను. ఈ పొట్టి గుర్రాలు పేరుకే పోనీలు. పోనీలే అని వదిలేస్తే పోతాయి."

టైలరమ్మ కంచె పట్టుకుని ఏడుపు గొంతుతో అంది: "కాగితాల్లో వీటి యజమాని అక్కే కదమ్మా! కేసు ఆవిడ మీదే పడుతుంది. గుర్రాల్ని బండెక్కించి తీసుకుపోతారు. రేపు ఆవిడ తిరిగొచ్చి ఖాళీ నేల చూస్తే ఇంకేం బతుకుతుంది?"

"ఖాళీ నేల," అంది ఆరాలమ్మ. "ఈ నేల ఎవరిది?"

"అన్నాచెల్లెళ్ళది. గుర్రాలక్కదీ వాళ్ళ అన్నయ్యదీ. ఆ అన్నయ్య పోయేముందు కొడుకుని, అదే ఈ మేనల్లుణ్ణి, మంచం దగ్గరికి పిలిచి, చెల్లి గుర్రాలు ఉన్నంతకాలం ఈ జాగా అమ్మనని మాట తీసుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళందరం అక్కడే ఉన్నాం. ఆ అబ్బాయి మాట తప్పలేదు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి."

"తప్పకుండానే పని కానిస్తున్నాడు. గుర్రాల్ని తను తోలేస్తే నలుగురూ ఉమ్మేస్తారు. సంక్షేమ శాఖ తోలుకుపోతే? 'నేనేం చేసేది, ప్రభుత్వం తీసుకుపోయింది' అంటాడు. కంప్లైంట్ ఇచ్చింది కూడా అత్తకి ప్రాణస్నేహితురాలే. అంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?"

టైలరమ్మ కంచె మీంచి చేతులు తీసేసింది.

"ఒక్కటే అంతుపట్టడం లేదు," అంది ఆరాలమ్మ. "ఇవి ముసలివి. నాలుగేళ్ళో ఐదేళ్ళో ఓపిక పడితే వాటంతటవే పోయేవి. ఇన్నాళ్ళు ఆగినవాడికి రెండు నెలల కిందట తొందరెందుకొచ్చింది?"

ఆ ప్రశ్నని అక్కడే వదిలి ఆమె వదిన వైపు తిరిగింది.

"వదినా, ఫిర్యాదు ఇస్తే గుర్రాల్ని తీసుకుపోవాల్సిందేనా? ఇక్కడే ఉంచే దారి లేదా?"

"ఉంది. చూసుకునే మనిషి పక్కనే ఉండి, బాధ్యత నాదని సంతకం పెడితే వచ్చిన అధికారి ఇక్కడే ఉంచొచ్చు. రోజూ మేపాలి, కడగాలి, కాళ్ళు ఎత్తి చూడాలి."

ఇద్దరూ టైలరమ్మ వైపు చూశారు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకు గుర్రాలంటే భయం! ఇన్నేళ్ళలో ఒక్కసారి ముట్టుకున్న పాపాన పోలేదు. నీళ్ళు కూడా గొట్టంతో దూరం నుంచే పోస్తున్నాను."

"సరే, అది తర్వాత చూద్దాం. ముందు ఆ మేనల్లుడికి ఫోన్ చెయ్యి. గుర్రాల సంగతి చూడలేకపోతున్నాను, అత్త మీద కంప్లైంట్ ఇచ్చేస్తున్నాను అని చెప్పు. ఇంకేం చెప్పకు. స్పీకర్లో పెట్టు."

టైలరమ్మ నంబరు నొక్కింది. అవతలి నుంచి ఉలికిపాటు లేదు, బతిమాలడం లేదు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"మంచిపని చేస్తున్నావక్కా. నేనూ వస్తున్నా ఉండు."

ఆరాలమ్మ నవ్వింది. "సొంత అత్త మీద కేసు పెడతానంటే దండేసేట్టున్నాడు."

* * *

కారు దిగింది ఇద్దరు. ఒకడు ముప్ఫైల్లో ఉన్న మేనల్లుడు, టైర్ల షాపు నడుపుతాడు. రెండో ఆయన కోటు లేకుండా టై మాత్రం కట్టుకుని ఉన్నాడు. ఆరాలమ్మని చూడగానే ఆయన మొహంలో రంగు మారింది. అయినా తమాయించుకున్నాడు.

"ఏమ్మా, కుక్కపిల్లలు తప్పిపోయిన కేసులు అయిపోయాయా? గుర్రాల దాకా వచ్చారు?"

"మీ బొత్తాలు ఏరుకుంటూ వచ్చాను సూటుగారూ. బ్లేడు జాగ్రత్త, ఈసారి వేలు తెగుతుంది."

ఆరాలమ్మ మేనల్లుడి వైపు తిరిగింది.

"అత్త ఎక్కడ?"

"విశ్రాంతికి వెళ్ళింది మేడమ్. ఎవరితోనూ మాట్లాడనంది."

"ఎప్పుడెళ్ళింది?"

"రెండు నెలలవుతుంది."

"వెళ్ళేముందు వీటిని ఎవరికి అప్పజెప్పింది?"

"ఏమో. గడ్డి కూడా కొనిపెట్టకుండా పోయింది. పెద్దావిడ, మతి సరిగ్గా లేదేమో. చూడలేకే కదా ఈ సార్‌ని పెట్టుకున్నాను, ఏదో ఒకటి చెయ్యమని."

"షెడ్డు తాళం ఎవరిది?"

"అత్తదే. తాళంచెవి తనతోనే తీసుకెళ్ళింది."

"పోయిన నెల ఎడతెగకుండా వాన కురిసింది గుర్తుందా? మీ షాపు ముందు కూడా మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. ఆ వానకి తాళం మీద కాగితం ముక్క తడిసి ఊడిపోవాలి. ఇది కొత్త పెళ్ళికూతురు బొట్టులా ఉంది. అంటే తాళం పడింది వాన వెలిశాక. రెండు నెలల కిందటే వెళ్ళిపోయిన అత్త మొన్నొచ్చి తాళం ఎలా వేసింది?"

మేనల్లుడి చెయ్యి చటుక్కున ప్యాంటు జేబు మీదికి పోయింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుగా.

"నా క్లయింటుని బెదిరిస్తున్నారు," సూటాయన మధ్యలోకి వచ్చాడు. "తాళం ఎవరిదైతేనేం? మేత లేక జంతువులు మాడుతున్నాయి. ఫిర్యాదు ఇవ్వడం పౌరధర్మం. అడ్డుకుంటున్నది మీరు."

"అడ్డుకోవడం లేదు. మా వదిన ఇవ్వబోతోంది. అందులో మీ పేరు ఏ వరసలో రాయాలో తేల్చుకోవడానికి ఒక్క చిన్న పని చెయ్యండి. ఆ సందులో కన్ను పెట్టి చూడండి."

ఆయన విసుగ్గా వెళ్ళి వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. లేచాక ఆరాలమ్మ వైపు చూడలేదు, క్లయింటు వైపు చూశాడు.

"గడ్డి లేదన్నావు కదయ్యా నాతో?"

మేనల్లుడు నేల చూపులు చూశాడు.

"ఆవిడే ఇక ఇవి అక్కర్లేదని వదిలేసిందన్నావు. నేను పక్కింటావిడకి నాలుగు మాటలు చెప్పి వచ్చాను, బొత్తాం కోసుకున్నాను, అదీ నిజమే. దొంగసాక్ష్యాలు చెప్పించేవాళ్ళ దగ్గర పనిచేశాను, విడాకుల కేసుల్లో తలుపు సందుల్లోంచి చూశాను. గడ్డి పక్కనే పెట్టి మాడ్చే పని మాత్రం నేనెప్పుడూ చెయ్యలేదు." ఆయన టై వదులు చేసుకుని ఆరాలమ్మ దగ్గరికి నడిచాడు. "ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు. ఇక్కడే పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నడక నేర్పే కేంద్రంలో పెట్టాడు. పడ్డప్పుడు ఆవిడ ఫోన్ పగిలిపోయింది. కొత్తది కొనిచ్చి వచ్చింది నేనే. అందులో ఇతని నంబరు ఒక్కటే ఉంది."

"ఫోన్ చెయ్యండి," అంది ఆరాలమ్మ. "వీడియో."

"వద్దు!" అన్నాడు మేనల్లుడు. అప్పటికే అవతల మోగుతోంది.

తెర మీద తెల్లజుట్టు, పెద్ద కళ్ళజోడు, కర్ర ఊతంతో మంచం అంచున కూర్చున్న ఒక మనిషి కనిపించింది. టైలరమ్మ "అక్కా!" అని ఒక్క కేక పెట్టి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరాలమ్మ ఫోన్ అందుకుని గుర్రాల వైపు తిప్పింది. ఒక్క ముక్క కూడా వివరించలేదు.

అవతల గుర్రాలక్క కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగింది. ఆమె ఏడుస్తుందని అందరూ అనుకున్నారు.

"ముందు నీళ్ళు," అంది గుర్రాలక్క. "ఒక్కసారిగా తాగనివ్వకండి, కాస్త కాస్త పెట్టండి. గడ్డి కూడా పిడికెడు పిడికెడే. అబ్బాయ్, తాళంచెవి ఇవ్వు."

మేనల్లుడు జేబు మీద చెయ్యి బిగించాడు.

"చిన్నప్పుడు పిడుగు మీంచి పడి మోకాలు కొట్టుకుపోతే, మీ నాన్న కొడతాడని నా చాటున దాక్కున్నావు. ఇప్పుడు దాక్కోవడానికి నేనక్కడ లేనురా. తాళంచెవి ఇవ్వు."

అతను జేబులోంచి తీశాడు. ఇచ్చింది మాత్రం ఆరాలమ్మకి కాదు, టైలరమ్మకి. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత కంచె చుట్టూ నడిచి, గేటులోంచి లోపలికి వచ్చి, షెడ్డు తెరిచింది. రెండు చేతుల్లో గడ్డి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, మసి ముందుకి చాచింది. మసి పెదవులు అరచేతికి తగలగానే కెవ్వుమంది కానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"డాక్టరమ్మా," అంది, "బాధ్యత కాగితం మీద నా పేరు రాసుకోండి."

వదిన అక్కడికక్కడే సంక్షేమ శాఖకి ఫోన్ చేసింది. యజమాని ఆసుపత్రి పాలైన సమయంలో మేతకి తాళం వేసి, నీళ్ళు కట్టేసిన మనిషి పేరు స్పష్టంగా చెప్పింది.

ఆరాలమ్మ ఫోన్ కట్ చెయ్యబోతుంటే గుర్రాలక్క ఆపింది.

"ఉండమ్మా, నాలుగోదేది?"

"నాలుగోదా? ఇక్కడ మూడే ఉన్నాయి."

"దూది పిల్లమ్మా! రోజూ వీడియోలో ఆ పిల్లనే చూపిస్తున్నాడుగా. అది పుట్టిన తెల్లవారే కదా నేను తడి నేల మీద జారింది. దూది ఈ వయసులో కడుపుతో ఉందంటే నిలుస్తుందో లేదో అని, ఎవరికీ చెప్పలేదు. మసిగాడు ముసలాడైపోయాడనుకున్నాం, అదొకటి!"

వదిన గబగబా దూది దగ్గరికి వెళ్ళి వంగి పాలు దిగిన పొదుగు ఆనవాలు చూసి, ముందే గమనించనందుకు నుదురు కొట్టుకుంది. ఆరాలమ్మకి జవాబు దొరికింది. ముసలి గుర్రాలు ఎన్నాళ్ళుంటాయి, నాలుగైదేళ్ళు. పిల్ల పుట్టిందంటే ఆ జాగా ఇంకో పాతికేళ్ళ పాటు గుర్రాలదే. అదీ తొందర.

"పిల్లని ఏం చేశావు?" ఆమె గొంతు పెంచలేదు.

మేనల్లుడు మొదటిసారి తలెత్తాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "అమ్మేద్దామని ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ అమ్మనివ్వలేదు. రెండు నెలలుగా సీసాతో పాలు పట్టి తనే సాకుతోంది. నాతో మాట్లాడటం మానేసింది. ఇందాక టైలరక్క ఫోన్ చేశాక..." అతను ఆగాడు. "ఇంటికి కొనుక్కున్నవాళ్ళ వ్యాను పంపించాను, డబ్బు ముందే ఇచ్చారు, ఇప్పుడు వద్దన్నా వినరు. అధికారులు వచ్చేలోగా పిల్ల అక్కడ ఉండకూడదని."

"ఫోన్ చెయ్యి ఆమెకి! ఇప్పుడే!" అంది ఆరాలమ్మ.

అతను స్పీకర్లో పెట్టి చేశాడు, రెండో రింగుకే ఎత్తారు. మొగుడి గొంతు వినకముందే అవతలి మనిషి మొదలుపెట్టింది.

"నీ వ్యాను వచ్చింది. గేటు బయట హారన్ కొడుతున్నారు. లోపల గడియ పెట్టాను, అడ్డంగా సోఫా కూడా లాగాను. ఏం చేసుకుంటావో చేసుకో."

ఆమె మాటల వెనక సన్నగా, పీలగా ఒక సకిలింపు వినిపించింది. గడ్డి వైపు కూడా చూడని దూది ఒక్కసారిగా మెడ ఎత్తింది. చెవులు రెండూ నిక్కాయి. ఇంతసేపూ నోరు మెదపని ఆ గుర్రం ఒళ్ళంతా అదిరేలా పిలిచింది. ఫోన్‌లోంచి వెంటనే జవాబు వచ్చింది.

"అది... అది వాళ్ళమ్మా?" అంది అవతలి గొంతు. కోపం ఎటు పోయిందో తెలీదు.

"వాళ్ళమ్మే తల్లీ," అంది ఆరాలమ్మ. సూటాయన అప్పటికే కారు స్టార్ట్ చేసి, ముందు తలుపు ఆమె కోసం తెరిచి పట్టుకున్నాడు. "గేటు తియ్యకు. వస్తున్నాం."

"చచ్చినా తియ్యను. కానీ తొందరగా రండి, ఒకడు గోడ ఎక్కుతున్నాడు."